ఎమ్మెల్యేను కలవబోయే వికలాంగులకు: మన మాట మనమే చెప్పుకోవడం ఎలా

పదేళ్ల కిందట నేను మొదటిసారి ఒక ప్రజాప్రతినిధిని కలవడానికి వెళ్లినప్పుడు నా ఒళ్లో రెండు పేజీల వినతిపత్రం ఉంది. అందులో పదకొండు డిమాండ్లు ఉన్నాయి. పొద్దున ఏడున్నరకు వెళ్లి గంటన్నర కూర్చున్న తరువాత లోపలికి పిలిచారు. ఆయన కాగితాన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, నన్ను కాకుండా నా వీల్‌చైర్ వెనక నిలబడ్డ మా తమ్ముణ్ణి చూస్తూ, "ఈయనకు పింఛన్ వస్తుందా?" అని అడిగారు. "వస్తుంది సార్" అన్నాడు తమ్ముడు. "మరింకేంది?" అన్నారు ఆయన. ఫొటో దిగి బయటికి వచ్చాము. పదకొండు డిమాండ్లలో ఒక్కటి కూడా నా నోటి నుంచి బయటపడలేదు.

తప్పు ఆయన ఒక్కరిదే కాదని ఇంటికి వచ్చాక అర్థమైంది. నన్ను అడగవలసిన ప్రశ్నకు తమ్ముడు జవాబు చెబుతుంటే నేను ఊరుకున్నాను. పదకొండు విషయాలు రాసి, ఏది ముఖ్యమో తేల్చుకునే పనిని ఎదుటివారికి వదిలేశాను. ఆ తరువాత హనుమకొండ, వరంగల్, పరకాల ప్రాంతాల్లో చాలామంది వికలాంగులతో కలిసి ఇలాంటి కార్యాలయాలకు వెళ్లాను. కొన్నిసార్లు పని అయింది, ఎక్కువసార్లు కాలేదు. పని అయిన సందర్భాల్లో మేము ఏం చేశామో, అదే పద్ధతిలో మీరు ఎలా చేయవచ్చో ఇక్కడ రాస్తున్నాను.

ఒక్కటే అడగండి, ఇవ్వగలిగినవారినే అడగండి

మీ కష్టాలన్నీ ఒక కాగితం మీద రాసుకుని, వాటిలోంచి ఒక్కదాన్ని ఎంచుకోండి. ఎంచుకునేటప్పుడు ఒక ప్రశ్న వేసుకోవాలి: నేను కలవబోయే మనిషి తన అధికారంతో దీన్ని చేయగలరా? వీధిలో ఫుట్‌పాత్ మీది గుంత, డ్రైనేజీ మూత, పార్కు గేటు వంటివి కార్పొరేషన్ పనులు, ఊళ్లలోనైతే గ్రామ పంచాయతీ పనులు. కాజీపేట లేదా వరంగల్ రైల్వే స్టేషన్‌లో లిఫ్ట్ విషయం, కృత్రిమ అవయవాలు, పరికరాలు ఇచ్చే కేంద్ర పథకం విషయం ఎంపీకి చెప్పాలి. జిల్లాలో కేంద్ర పథకాల అమలును సమీక్షించే దిశ కమిటీకి ఎంపీయే అధ్యక్షత వహిస్తారు కాబట్టి, "వచ్చే దిశ సమావేశంలో ఈ అంశం పెట్టండి" అని అడిగితే అది ఆయన చేతిలో ఉన్న పనే అవుతుంది. పింఛన్ మొత్తం, ఆర్టీసీ బస్సులు, రాష్ట్ర ప్రభుత్వ ఇళ్ల పథకం ఎమ్మెల్యే, ఎమ్మెల్సీలు శాసనసభలో, మండలిలో మాట్లాడగలిగిన అంశాలు.

మన దగ్గర ఈ లెక్క ఇంకాస్త చిక్కుగా ఉంటుంది. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండగా, రూరల్ జిల్లా వరంగల్‌గా మారింది. ఈ జిల్లా హద్దులకూ నియోజకవర్గ హద్దులకూ పొంతన లేదు. కమలాపూర్ మండలం వారికి కలెక్టర్ హనుమకొండలో ఉంటారు, ఎమ్మెల్యే మాత్రం హుజూరాబాద్ ఎమ్మెల్యే. సంగెం, గీసుకొండ వారు ఓటు వేసేది పరకాల నియోజకవర్గంలో, అర్జీ పెట్టుకోవలసింది వరంగల్ కలెక్టరేట్‌లో. ఇది ముందే చూసుకోకపోతే, అద్దె ఆటోలో ఇరవై కిలోమీటర్లు వెళ్లాక "ఇది మాది కాదు, అటు పోండి" అనే మాట వినవలసి వస్తుంది. నడవగలిగినవారికి అది ఒక పూట వృథా కావడం. మనకు అది వారం రోజుల ఒంటి నొప్పి.

శాసనసభ్యుడిని అడిగేటప్పుడు సిఫారసు లేఖ దగ్గరే ఆగిపోకండి. ఆయన ప్రశ్నోత్తరాల సమయంలో ప్రశ్న వేయగలరు, జీరో అవర్‌లో లేవనెత్తగలరు, చట్టం మార్చమని కోరగలరు. ఉదాహరణకు, స్థానిక సంస్థల్లో వికలాంగులను సభ్యులుగా నామినేట్ చేయడానికి తమిళనాడు 2025లో చట్ట సవరణలు చేసింది. అటువంటి సవరణ మన రాష్ట్రంలోనూ తీసుకురమ్మని సభలో అడగండి అంటే, అది ఏ కలెక్టరూ తీర్చలేని, శాసనసభ్యుడు మాత్రమే అందుకోగలిగిన కోరిక.

లెక్క చేతిలో పెట్టుకుని వెళ్లండి

"మమ్మల్ని పట్టించుకోవడం లేదు" అంటే ఎవరైనా "పట్టించుకుంటున్నాం" అంటారు, అక్కడితో మాట అయిపోతుంది. అంకె చెబితే అంత తేలికగా తోసిపుచ్చలేరు. ఇందిరమ్మ ఇళ్ల విషయమే తీసుకుందాం. నియోజకవర్గానికి 3,500 ఇళ్ల చొప్పున ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 37వ సెక్షన్ ప్రకారం, సంబంధిత ఇళ్ల పథకాల కేటాయింపుల్లో 40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్నవారికి 5 శాతం రిజర్వేషన్ ఉంది, అందులోనూ మహిళలకు ప్రాధాన్యం ఇవ్వాలి. 3,500లో 5 శాతం అంటే 175 ఇళ్లు. ఇప్పుడు మీ దగ్గర ఒక ప్రశ్న తయారైంది: "మన నియోజకవర్గంలో 175 ఇళ్లు వికలాంగులకు రావాలి, ఎన్ని వచ్చాయి?"

ఆ "ఎన్ని వచ్చాయి" అన్నదానికి జవాబు మీకు ముందే తెలిసి ఉంటే మంచిది. దానికి సమాచార హక్కు చట్టం ఉంది. ఎంపికైన లబ్ధిదారుల్లో వికలాంగులు ఎందరు, వారిలో మహిళలు ఎందరు అని మండల పరిషత్ కార్యాలయానికి గానీ మున్సిపల్ కార్యాలయానికి గానీ ఒక దరఖాస్తు పెట్టండి. మండల స్థాయి కార్యాలయానికైతే 5 రూపాయలు, జిల్లా స్థాయికైతే 10 రూపాయలు రుసుము, గ్రామ స్థాయిలో రుసుము లేదు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు ఎక్కడా చెల్లించనక్కరలేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. జవాబు వస్తే ఆ అంకెను వినతిపత్రంలో రాయండి. రాకపోతే "ఫలానా తేదీన అడిగాము, ఇప్పటికీ చెప్పలేదు" అని రాయండి, అది కూడా సమాచారమే.

అంకెతో పాటు ఒక మనిషి కథ కావాలి, అది మీదే కావాలి. అయితే కథ అంటే ఏడుపు కాదు. మా బృందంలో ఒక అక్క, పోలియో వల్ల రెండు కాళ్లూ చచ్చుబడిన మనిషి, ఇలా చెప్పింది: "నాకు ఇల్లు మంజూరైంది సార్. గడప ఎత్తు జానెడు. బాత్రూమ్ తలుపు రెండడుగులు. నా బండి లోపలికి పట్టదు. నా ఇంట్లో నేను స్నానానికి దేక్కుంటూ పోవాలె." నాలుగు ముక్కలు. అరనిమిషం కూడా పట్టలేదు. తలుపు మూడు అడుగులు పెట్టడానికి అదనంగా ఎంత అవుతుందని ఆ ఎమ్మెల్యే తనంతట తానే పక్కనున్న ఇంజనీరును అడిగారు.

కాగితం ఒక్క పేజీ దాటకూడదు

వినతిపత్రం తెలుగులోనే రాయండి. పైన తేదీ, ఎవరికి, ఎవరి నుంచి అని రాసి, విషయం ఒకే వాక్యంలో పెట్టాలి. ఆ తరువాత మూడు చిన్న పేరాలు చాలు: జరుగుతున్నది ఏమిటి, చట్టం ఏం చెబుతోంది, మీరు ఏం చేయాలని కోరుతున్నాము. చివరి పేరా ఇలా ఉండవచ్చు:

"కావున, మన నియోజకవర్గంలో ఇందిరమ్మ ఇళ్ల కేటాయింపులో వికలాంగుల హక్కుల చట్టం, 2016, సెక్షన్ 37 ప్రకారం 5 శాతం ఇళ్లను అర్హులైన వికలాంగులకు కేటాయించవలసిందిగా జిల్లా కలెక్టర్ గారికి లేఖ రాయాలని, వికలాంగ లబ్ధిదారుల ఇళ్లకు గడప లేకుండా వాలు దారి, మూడు అడుగుల తలుపులు ఉండేలా చూడాలని, రాబోయే శాసనసభ సమావేశాల్లో ఈ విషయంపై ప్రశ్న వేయాలని కోరుతున్నాము."

ఇందులో కోరిక ఒక్కటే, దానికి ఆయన చేయవలసిన పనులు మూడు. "తగు చర్యలు తీసుకోగలరని ప్రార్థన" అనే పాత వాక్యం రాయకండి. తగు చర్య ఏమిటో మనం చెప్పకపోతే కాగితం ఫైలులోకి వెళ్లడమే తగు చర్య అవుతుంది. ప్రార్థన అనే మాట కూడా నాకు నచ్చదు, కోరుతున్నాము అంటే సరిపోతుంది.

మూడు ప్రతులు తీసుకెళ్లండి: ఒకటి వారికి, ఒకటి పీఏకు, ఒకటి సంతకం, ముద్ర వేయించుకుని మీరు దాచుకోవడానికి. సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు జిరాక్సులు మాత్రమే పట్టుకెళ్లాలి, ఒరిజినల్ ఎవరు అడిగినా ఇవ్వవద్దు. "నేను కలిపిస్తా, ఖర్చులకు ఏమన్నా చూసుకో" అనే మనుషులు క్యాంపు కార్యాలయాల గేటు దగ్గర తగులుతుంటారు. ఎమ్మెల్యేను కలవడానికి ఎవరికీ రూపాయి ఇవ్వనక్కరలేదు.

వెళ్లేముందు ఫోన్ చేయండి

ఎమ్మెల్యేలు నియోజకవర్గంలో ఉన్న రోజుల్లో సాధారణంగా పొద్దున పూట క్యాంపు కార్యాలయంలో జనాన్ని కలుస్తారు. శాసనసభ నడుస్తున్నప్పుడు హైదరాబాద్‌లో ఉంటారు. అందుకే పీఏకు ముందుగా ఫోన్ చేసి రోజు ఖాయం చేసుకోవాలి. బడ్జెట్‌తో ముడిపడ్డ కోరిక అయితే డిసెంబరు, జనవరి నెలల్లో కలవడం మేలు, ఎందుకంటే బడ్జెట్ సభలోకి వచ్చాక మార్పులకు చోటు తక్కువ. అలాగని సమావేశాలు మొదలైతే ఆశ వదులుకోనక్కరలేదు. 1995 డిసెంబరు 19న జావేద్ అబిదీ తదితర వికలాంగ హక్కుల కార్యకర్తలు పార్లమెంటు ఎదుట ప్రదర్శన చేశారు, మూడు రోజులకు, డిసెంబరు 22న, మన దేశపు మొదటి వికలాంగుల చట్టం ఆమోదం పొందింది.

ఫోన్‌లో రోజు, సమయంతో పాటు అడగవలసినవి ఇంకా ఉన్నాయి. మెట్లు ఎన్ని? లిఫ్ట్ ఉందా, పనిచేస్తోందా? వీల్‌చైర్ పట్టే మరుగుదొడ్డి ఉందా? బండి గేటు లోపలికి వస్తుందా? వచ్చేవారిలో చెవిటివారు ఉంటే సైగ భాష అనువాదకుడు వస్తారని, అంధులు ఉంటే కాగితం చదివి వినిపించాలని ముందే చెప్పండి. గది పై అంతస్తులో ఉంటే "సార్‌ను కింద కలుస్తాము" అనండి. "ఏం కాదన్నా, నలుగురం పట్టుకుని ఎత్తుకుపోతం" అని గన్‌మెన్, కార్యకర్తలు ప్రేమగానే అంటారు. ఒప్పుకోవద్దు. జారితే విరిగేది మన ఎముక. పైగా నలుగురి చేతుల మీద మూటలా లోపలికి వెళ్లిన మనిషి హక్కుల గురించి మాట్లాడితే వినేవారి చెవికి అది వేరేగా వినిపిస్తుంది. కింద ఆగి, పది నిమిషాలు ఆలస్యమైనా సరే, వారినే దిగి రమ్మనడం ఉత్తమం. చాలామంది దిగి వస్తారు.

ముగ్గురు నలుగురు కలిసి వెళ్లండి. పాతికమంది వెళ్తే అది ధర్నా అవుతుంది, ధర్నాకు వేరే రోజు ఉంటుంది. వేర్వేరు వైకల్యాలు ఉన్నవారు, కనీసం ఒక మహిళ ఉండేలా చూసుకోవాలి. ఎవరు మాట్లాడతారు, ఎవరు రాసుకుంటారు అన్నది ముందురోజే తేల్చుకుని, ఒకసారి గడియారం పెట్టుకుని సాధన చేయండి. మాట స్పష్టంగా రానివారు చెప్పదలచుకున్నది ఫోన్‌లో టైప్ చేసి పెట్టుకుంటే ఫోన్ దాన్ని తెలుగులో పైకి చదువుతుంది. మా బృందంలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఒక కుర్రాడు ఇలాగే మాట్లాడతాడు, ఆ ఫోన్ గొంతు వచ్చినప్పుడు గదిలో అందరూ నిశ్శబ్దమైపోతారు. బుద్ధిమాంద్యం ఉన్నవారిని "వీళ్లేం చెప్తారు" అని ఇంటి దగ్గర వదిలి రావద్దు. ఒకటి రెండు వాక్యాలు వాళ్ల మాటల్లోనే, వాళ్లకు ఇష్టమైన తోడుతో సాధన చేస్తే చక్కగా చెబుతారు.

ఆ ఐదు నిమిషాలు

మీకు ఐదు నిమిషాలు దొరుకుతాయి. అందులో రెండు నిమిషాలు ఎవరిదో ఫోన్ మింగేస్తుంది. కాబట్టి పేరు, ఊరు చెప్పిన వెంటనే కోరిక చెప్పండి, కథ దాని తరువాత. "మాది కరీమాబాద్ సార్, మీ ఓటరును. ఇళ్ల కేటాయింపులో మాకు రావలసిన 5 శాతం గురించి మాట్లాడడానికి వచ్చాను" అన్నంత సూటిగా ఉండాలి. సార్ అన్నా సరే, మన దగ్గర అలవాటుగా "అన్నా" అని పిలిచినా సరే, గొంతులో బతిమాలడం ఉండకూడదు, గొడవా ఉండకూడదు.

తోడు వచ్చినవారిని చూసి మాట్లాడడం మొదలుపెడితే, నవ్వుతూనే, "సార్, నాతో మాట్లాడండి, నేనే చెబుతాను" అనండి. తోడుగా వచ్చినవారికి కూడా ముందే చెప్పి ఉంచాలి: ప్రశ్న వారి వైపు వస్తే వారు మీ వైపు చూడాలి, అంతే. మా తమ్ముడు ఇప్పుడు నేలచూపులు చూస్తూ నిలబడతాడు. సైగ భాష అనువాదకుడు ఉన్నప్పుడు నాయకులు అనువాదకుడి ముఖం చూస్తూ "వాళ్లేమంటున్నరు?" అని అడుగుతారు, అప్పుడు కూడా ఇదే మాట వర్తిస్తుంది. అంధులైన మిత్రులు కూర్చోగానే "గదిలో ఎవరెవరు ఉన్నారో చెప్పండి" అని అడగడం మర్యాదకు భంగం కాదు.

వచ్చే అడ్డంకుల్లో పెద్దది దయ. "నీకు బ్యాటరీ బండి ఇప్పిస్తా తమ్మీ" అంటారు, లేదా జేబులోకి చెయ్యి పెడతారు. కోపం తెచ్చుకోకండి, అలాగని అక్కడ ఆగిపోకండి. "బండి కోసం వికలాంగుల సహకార సంస్థకు దరఖాస్తు పెట్టుకుంటాను సార్. ఇవాళ వచ్చింది మాత్రం ఈ 175 ఇళ్ల గురించి" అని మాటను మళ్లీ దారిలోకి తెచ్చుకోవాలి. పింఛన్ విషయం ఎత్తితే, 2023లో 3,016 నుంచి 4,016 రూపాయలకు పెరిగిందని మీకు తెలుసని, ఆ సంగతి ఇంకో రోజు మాట్లాడతామని చెప్పండి. వికలాంగులు అనాలా, దివ్యాంగులు అనాలా అనే చర్చ కూడా ఆ గదిలో పెట్టుకోకండి. నా మటుకు నాకు దైవత్వం అక్కరలేదు, వికలాంగుణ్ణి అనే చెప్పుకుంటాను, కానీ ఆ ఐదు నిమిషాలు దానికి ఖర్చు చేయను. కుంటి, గుడ్డి అంటూ నలుగురిలో కావాలని అవమానిస్తే మాత్రం సంగతి వేరు, అది 2016 చట్టంలోని 92వ సెక్షన్ కింద నేరం.

"చూద్దాం" అన్నారంటే పని మొదలు కాలేదని అర్థం. వెంటనే మూడు ప్రశ్నలు వేయండి: ఎవరితో మాట్లాడతారు? ఎప్పటిలోగా? మేము ఎవరికి ఫోన్ చేయాలి? జవాబులను వారి ఎదుటే నోట్‌బుక్‌లో రాసుకోవాలి. రాసుకుంటున్నారని చూస్తే మాట కాస్త జాగ్రత్తగా వస్తుంది. కాగితం మీద అధికారికి ఆదేశం రాసి సంతకం పెట్టమని అడగండి. ఫొటో అప్పుడు దిగండి, సంతకం తరువాత. శాలువా కొనడానికి డబ్బు ఖర్చు పెట్టవద్దు, ఆ డబ్బు ఆటోకు పనికొస్తుంది.

తరువాతి పని

అదే రోజు సాయంత్రం పీఏకు వాట్సాప్‌లో నాలుగు వాక్యాలు పంపండి: ఇవాళ కలిశాము, ఇది కోరాము, మీరు ఇలా అన్నారు, ఫలానా తేదీన ఫోన్ చేస్తాము. ఆ తేదీన నిజంగానే ఫోన్ చేయాలి. ఎమ్మెల్యే సంతకం ఉన్న ప్రతిని జతచేసి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో ఇంకో అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. రెండు దారుల్లో ఒకే కాగితం నడుస్తుంటే ఒకచోట ఆగినా రెండోచోట కదులుతుంది.

అయినా కదలకపోతే చట్టం ఇచ్చిన మెట్లు ఉన్నాయి. 23వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థలోనూ ఉద్యోగంలో వివక్షపై వికలాంగుల ఫిర్యాదుల కోసం ఒక అధికారి ఉండాలి, నమోదైన ఫిర్యాదుపై రెండు వారాల్లో విచారణ జరగాలి. చాలా కార్యాలయాల్లో "ఆ అధికారి ఎవరు?" అని అడిగితే ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు. అడగడం మానకండి. అక్కడ తృప్తి కలగకపోయినా, ఇళ్లలాంటి వేరే ఫిర్యాదు అయినా జిల్లా స్థాయి కమిటీకి, ఆపైన రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు రాయవచ్చు. ఎమ్మెల్యే చేయలేదని ఎంపీని, ప్రతిపక్ష నాయకులను కలవడంలో తప్పు లేదు, వికలాంగుల సమస్యకు పార్టీ రంగు అంటకుండా అదే కాపాడుతుంది. పని జరిగితే మాత్రం చేసినవారికి ఒక కృతజ్ఞతా లేఖ తప్పక రాయండి, పీఏ పేరు కూడా అందులో ఉండాలి.

పని అయిందని చెప్పిన రోజు టేపు పట్టుకుని వెళ్లి చూసుకోండి. 2017 జూన్‌లో వచ్చిన నియమాలను బట్టి, అప్పటికే ఉన్న ప్రభుత్వ భవనాలన్నీ ఐదేళ్లలో, అంటే 2022 నాటికి, మనకు అందుబాటులోకి రావాలి. అందుబాటు ప్రమాణాలను ఉత్త సూచనలుగా వదిలేయడం కుదరదని, తప్పనిసరి నియమాలు చేయాలని 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ర్యాంపుకు కొలత ఒకటికి పన్నెండు: గడప అడుగున్నర ఎత్తు ఉంటే వాలు పద్దెనిమిది అడుగుల పొడవు ఉండాలి. మేము అడగ్గా అడగ్గా ఒక కార్యాలయానికి ర్యాంపు కట్టారు. రిబ్బన్ కత్తిరించాక నేను కొలిచాను. అడుగున్నర ఎత్తుకు ఆరడుగుల వాలు, పైకి ఎక్కాక ఎదురుగా స్తంభం. నా బండి ముందు చక్రాలు గాల్లోకి లేచాయి, తమ్ముడు వెనక పట్టుకోకపోతే వెల్లకిలా పడేవాణ్ణి. ఫొటో తీశాము, కొలతలు రాశాము, పీఏకు ఫోన్ చేసి వచ్చే గురువారం పొద్దున ఎనిమిదింటికి సమయం తీసుకున్నాము.